ఆ గదిలో ఎవరి మాట చెల్లుతుంది: హెచ్‌ఐవీ టీఐ ప్రాజెక్టులో జెండర్‌ని పనిలోకి తేవడం ఎలా

టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) అంటే హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువున్నవాళ్ల మధ్య పనిచేసే నివారణ ప్రాజెక్టు. అందులో కౌన్సిలర్‌గా చేరిన కొత్తల్లో నాకు సెక్స్ వర్కర్ అయిన ఒకావిడ సంగతి అసలు అంతుపట్టేది కాదు. వారం వారం మా పీర్ (వాళ్లలోంచే తీసుకున్న ప్రాజెక్టు కార్యకర్త) ఆవిడకు నిరోధ్‌లు ఇస్తోంది, ఆవిడ తీసుకుంటోంది, ఎలా వాడాలో అడిగితే నాకంటే బాగా చూపిస్తోంది, రిజిస్టర్‌లో ఆవిడ వరుసంతా టిక్కులే. అయినా ఏడాదిలో రెండోసారి సిఫిలిస్ వచ్చింది. నేను మళ్లీ కండోమ్ పాఠమే మొదలుపెట్టాను. కాసేపు విని ఆవిడ, "మేడం, కస్టమర్లందరికీ వాడతాను. ఇంట్లో ఆయనకి ఎట్లా వాడమంటారు? నన్ను కూడా బేరం లెక్కన చూస్తున్నావా అని కొడతాడు" అంది. అప్పటిదాకా మా ఫారాల్లో "ఇంట్లో ఆయన" కోసం ఒక్క గడి కూడా లేదు.

జెండర్ అనే మాట ట్రైనింగుల్లో ఎన్నిసార్లు విన్నా నా తలకెక్కింది ఆ రోజే. కండోమ్ వాడాలని తెలియడం ఒకటి, వాడదాం అని నోరు తెరిచి అనగలగడం ఇంకొకటి. ఆడవాళ్లుగా, హిజ్రాలుగా, కోతిలుగా (ఆడతీరుతో మెలిగే, మగవాళ్లతో సంబంధాలుండే మగవాళ్లుగా) బతుకుతున్నందుకు వీళ్లకు ఎక్కడెక్కడ మాట చెల్లదో, అక్కడక్కడల్లా మన సర్వీసు ఆగిపోతుంది. కాబట్టి ప్రాజెక్టులో ప్రతి పని దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ ఎవరి మాట చెల్లుతోంది?

ఇది టీఐల్లో పనిచేసే మేనేజర్లకు, కౌన్సిలర్లకు, ఓఆర్‌డబ్ల్యూలకు (ఫీల్డ్‌లో తిరిగే ఔట్‌రీచ్ వర్కర్లకు), పీర్లకు రాస్తున్నాను. ఇందులో చాలావాటికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, ఉన్న పనినే కాస్త తిప్పి చేయాలి.

ముందు లైన్ లిస్ట్ దగ్గర కూర్చోండి

లైన్ లిస్ట్ అంటే మన దగ్గర నమోదైనవాళ్ల పేర్ల జాబితా. కొత్త సర్వే ఏమీ పెట్టకండి. ఒక మధ్యాహ్నం పీర్లందరినీ డ్రాపిన్ సెంటర్‌లో (కమ్యూనిటీ వాళ్లు వచ్చి కాసేపు కూర్చునే మన చోట) కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి గుప్పెడు చింతపిక్కలు ఇవ్వండి. ఒక్కో పీర్ దగ్గర అరవై మంది దాకా ఉంటారు కదా, వాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుంటూ పిక్కలు కుప్పలు పెట్టమనండి. ఒంటరిగా ఉండేవాళ్లెంతమంది, మొగుడితోనో ఉంచుకున్నవాడితోనో ఉండేవాళ్లెంతమంది, సంపాదన తన చేతిలోనే ఉండేవాళ్లెంతమంది, వేరేవాళ్ల చేతికి పోయేవాళ్లెంతమంది, చంటిపిల్లలు ఉన్నవాళ్లు, ఫోన్ సొంతంగా లేనివాళ్లు, పాతికేళ్లలోపు వాళ్లు, యాభై దాటినవాళ్లు. పేర్లు ఎక్కడా రాయొద్దు, కుప్పల లెక్క మాత్రం రాసుకోండి. "ఫలానా ఆమెకి ఉంచుకున్నవాడు ఉన్నాడు" అని కాగితం మీద పెట్టామంటే, ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలియదు. లైన్ లిస్ట్ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు మీ టీంలో ఉంటే ఈ రోజే మాన్పించండి. 2017 హెచ్‌ఐవీ చట్టం (2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది) హెచ్‌ఐవీ సమాచారాన్ని గోప్యంగా, భద్రంగా ఉంచాల్సిన బాధ్యత మన మీదే పెట్టింది.

కుప్పలు పెట్టాక వాటి పక్కనే మీ సర్వీసు లెక్క పెట్టండి. ఆరు నెలలకోసారి జరగాల్సిన హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఎవరికి జరిగాయి, మూడు నెలలకోసారి రావాల్సిన మెడికల్ చెకప్‌కి ఎవరు రాలేదు? నేను చూసినంతలో రానివాళ్లు ఒకటి రెండు కుప్పల్లోనే గుంపుగా తేలతారు. మాకు చంటిపిల్లల తల్లులు, ఇంట్లోంచే ఫోన్ మీద పనిచేసే ఆడవాళ్లు అలా తేలారు. అప్పటిదాకా వాళ్లను "మోటివేషన్ లేదు" అని రాసుకుంటూ వచ్చాం.

అంకెల్లో కూడా ఈ తేడా కనపడుతుంది. దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.2 శాతం దగ్గర ఉంటే, 2021 నిఘా సర్వేలో మహిళా సెక్స్ వర్కర్లలో 1.85, మగవాళ్లతో సెక్స్ చేసే మగవాళ్లలో (ఎంఎస్‌ఎం) 3.26, హిజ్రా, ట్రాన్స్‌జెండర్లలో 3.78, ఇంజక్షన్ డ్రగ్స్ తీసుకునేవాళ్లలో 9.03 శాతం. చాలా ఏళ్లు ట్రాన్స్ మహిళలను ఎంఎస్‌ఎం లెక్కలోనే కలిపేశారు, ఇప్పటికీ కొన్నిచోట్ల ఫారం నింపేటప్పుడు అలవాటుగా అలాగే రాసేస్తున్నారు. తనను తాను ఆడదాన్ని అనుకునే మనిషిని మగవాళ్ల గడిలో పెట్టి, ఆ తర్వాత క్లినిక్‌కి రావట్లేదని బాధపడటంలో అర్థం లేదు. అడిగి రాయండి. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు, ఏమని రాయమంటారు" అన్న ఒక్క మాట చాలు.

హాట్‌స్పాట్ మ్యాప్‌లో భయం కూడా గీయండి

హాట్‌స్పాట్ అంటే బేరాలు కుదిరే చోటు. మన దగ్గర ఉండే మ్యాప్‌లో బస్టాండ్, లాడ్జి, థియేటర్ వెనక సందు, హైవే మీద దాబా ఉంటాయి, ఒక్కోచోట ఎంతమంది ఉంటారో అంకె ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి నేల మీద సుద్దముక్కతో మళ్లీ గీయించండి, ఈసారి గీసేది వాళ్లే. ఎక్కడ భయం వేస్తుంది, ఎన్నింటికి, ఎవరి వల్ల? ఎవరైనా వెంటపడితే ఎటు పరుగెత్తుతారు, ఏ టీ కొట్టు అతను లోపల కూర్చోనిస్తాడు? ఒక్కో చోట పోలీసు బీట్, ఒక్కో చోట లాడ్జి మేనేజర్, ఒక్కో చోట డబ్బులు లాక్కునే కుర్రాళ్లు. హిజ్రాల మ్యాప్‌లో అయితే ఏ గురు (హిజ్రా ఇంటి పెద్ద) ఇలాకా ఎక్కడిదాకా అన్నది కూడా వస్తుంది, అది తెలియకుండా వేరే ఇంటి చేలాను (శిష్యురాలిని) పీర్‌గా పంపితే తలుపు తీయరు.

పగటి వేళలు కూడా దాని మీదే రాయించండి. పిల్లల్ని బడికి పంపి, మొగుడు పనికి వెళ్లాక, పదకొండు నుంచి మూడు దాకా మాత్రమే బయటికి రాగలిగే ఆడవాళ్లు చాలామంది. రాత్రి పని చేసే ట్రాన్స్ మహిళలు పొద్దున పదింటికి లేవనే లేవరు. మన క్లినిక్ డాక్టర్ గారి వీలు చూసుకుని పొద్దున తొమ్మిదిన్నరకి పెట్టి, ఎవరూ రాలేదని రాసుకుంటే ఆ తప్పు మనదే. మా దగ్గర వారంలో ఒక రోజు క్లినిక్‌ని మధ్యాహ్నం పన్నెండున్నరకి మార్చడానికి డాక్టర్ గారిని ఒప్పించడానికి మూడు నెలలు పట్టింది. మారాక మాత్రం చంటిపిల్లల తల్లులు వాళ్లంతట వాళ్లే వచ్చారు. పిల్లలు ఆడుకోవడానికి ఒక చాప, కొన్ని బొమ్మలు పెట్టాం, అంతకు మించి ఖర్చు కాలేదు.

ఫోన్ మీద పనిచేసేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు హాట్‌స్పాట్ అంటూ ఉండదు, బస్టాండ్‌లో తెలిసిన పీర్ వాళ్ల ఇంటి గుమ్మం ముందు నిలబడితే చాలు, వీధి మొత్తానికి తెలిసిపోతుందని హడలిపోతారు. వాళ్లకు వాళ్లలాంటి మనిషే పీర్‌గా కావాలి, చీరల చీటీ పేరుతోనో టైలరింగ్ పేరుతోనో ఇంటికి వెళ్లగలిగే మనిషి. తెలంగాణ జిల్లాల్లో జోగినిలుగా వదిలేసిన పెద్ద వయసు ఆడవాళ్లు ఉన్నచోట ఇంకోలా ఉంటుంది, వాళ్లలో చాలామంది తమను సెక్స్ వర్కర్ అని అనుకోరు, ఆ మాటతో పిలిస్తే అవమానపడి మళ్లీ రారు. పద్దెనిమిదేళ్లలోపు పిల్ల ఎవరైనా కనపడితే ఆ పిల్ల మన లిస్ట్‌లోకి రాకూడదు. అది పోక్సో కేసు, వెంటనే పోలీసులకు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి, ఇందులో రెండో ఆలోచన లేదు.

కండోమ్ గురించి మూడు వేరువేరు మాటలు

కస్టమర్‌తో మాట్లాడటం ఒకటి. ఇది మన పీర్లు ఎప్పటినుంచో బాగా చేస్తున్నారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, ఎక్కువ డబ్బిస్తానని లాగేవాడి సంగతి, తాగి వచ్చినవాడి సంగతి వాళ్లు చెప్పినంత బాగా ఏ మాన్యువల్లోనూ ఉండదు. రోల్ ప్లే వాళ్లతోనే చేయించండి, మీరు కూర్చుని చూడండి.

రెండోది మధ్యవాళ్లతో, అంటే బ్రోకర్, లాడ్జి అబ్బాయి, ఆటో అతను. కండోమ్ లేకపోతే గది ఇవ్వను అని లాడ్జి మేనేజర్ అంటే, ఆ అమ్మాయి నోటితో అనాల్సిన పని ఉండదు. కోల్‌కతా సోనాగాఛిలో 1992లో మొదలైన పని నుంచి నేర్చుకోవాల్సింది ఇదే, అక్కడ ఒక్కో ఆడమనిషిని మార్చే బదులు ఇళ్ల యజమానులను, దళారులను కూడా కూర్చోబెట్టి మాట్లాడారు, ఆడవాళ్లంతా ఒక్కమాట మీద నిలబడ్డారు, కండోమ్ లేకుండా ఒకామె వద్దంటే పక్కింట్లోనూ వద్దనే జవాబే రావాలని. మీ ఊళ్లో అంత పెద్ద బస్తీ లేకపోవచ్చు. అయినా ఒక లాడ్జి, రెండు దాబాలతో మొదలుపెట్టవచ్చు.

పర్సులో నిరోధ్‌లు దొరికితే పోలీసులు కేసు రాస్తారన్న భయం కూడా ఇక్కడే మాట్లాడాలి. 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో ఇచ్చిన ఆదేశాల్లో, కండోమ్‌ల లాంటి జాగ్రత్తలను నేరంగా గానీ నేరానికి సాక్ష్యంగా గానీ చూడకూడదని స్పష్టంగా ఉంది. దాన్ని తెలుగులో ఒక పేజీ చేసి స్టేషన్ ఎస్ఐ గారికి, సీఐ గారికి స్వయంగా ఇచ్చి రండి. అధికారి బదిలీ అయిన ప్రతిసారీ మళ్లీ వెళ్లాలి, విసుగొస్తుంది, అయినా వెళ్లాలి.

మూడోది, ఇంట్లో ఆయన. దీనికి సూటి దారి ఉందని నేను చెప్పను. "ధైర్యంగా అడుగమ్మా" అని పంపిస్తే దెబ్బలు తిని వస్తుంది, ఆ దెబ్బలకు మనమూ బాధ్యులమే. మా దగ్గర ఆడవాళ్లే ఒకరికొకరు చెప్పుకున్న ఉపాయాలు కొన్ని ఉన్నాయి. "తెల్లబట్టకి మందు వాడుతున్నా, డాక్టరమ్మ నెల రోజులు జాగ్రత్తగా ఉండమంది" అనడం, పిల్లలు పుట్టకుండా అని చెప్పడం, లేదా ఆయన్నే వేరే పనిమీద హెల్త్ క్యాంపుకి రప్పించి బీపీ, షుగర్‌తో పాటు ఆయన ఒప్పుకుంటే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించడం. మీ జిల్లాలో ప్రెప్ మాత్రలు (హెచ్‌ఐవీ రాకుండా ముందే వేసుకునేవి) దొరికే వీలుంటే ఈ ఆడవాళ్లకు ముందు చెప్పండి, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా తను ఒక్కతే వాడుకోగలిగేది అదే. ఇద్దరిలో ఒకరికి హెచ్‌ఐవీ ఉంటే, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) సరిగ్గా వేసుకుని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) కనపడని స్థాయికి దిగాక శృంగారం ద్వారా అవతలివాళ్లకు అంటదు అన్న సంగతి నమ్మకంగా, వాళ్ల భాషలో, మళ్లీ మళ్లీ చెప్పండి. ఇది వినగానే ఏడ్చినవాళ్లను చూశాను నేను.

క్లినిక్ తలుపు దాటాక

ఆడవాళ్ల విషయంలో మనం చేసే పెద్ద పొరపాటు, వాళ్లకు ఎస్టీఐ (లైంగికంగా సోకే జబ్బులు) తప్ప వేరే ఒళ్లే లేనట్టు చూడటం. ఆ జబ్బులకిచ్చే మందుల ప్యాకెట్లే, గ్రే కిట్, గ్రీన్ కిట్, పొత్తికడుపు నొప్పికి ఎల్లో కిట్, అయిపోయింది, తర్వాతి వాళ్లు రండి. ఆవిడకు నెలసరి తప్పి ఉండవచ్చు, కాపర్ టీ కావాల్సి ఉండవచ్చు, లేదా పిల్లలు కావాలని ఉండవచ్చు. సెక్స్ వర్కర్‌కు బిడ్డ కావాలనే కోరిక ఉంటుందని మన కౌన్సిలింగ్‌లో ఎవరూ అనుకోరు, అడగరు. అడగండి. హెచ్‌ఐవీ ఉన్న తల్లి మందులు ఆపకుండా వేసుకుంటే బిడ్డకు రాకుండా కాపాడుకోగలదని, బిడ్డకు ఆరు వారాలకు రక్తపరీక్ష చేయించాలని ముందే చెబితే, ఆవిడ గర్భం సంగతి దాచుకోకుండా మొదటి నెలల్లోనే వస్తుంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే మన ప్రాజెక్టుల్లో దీన్ని ఎవరూ తమ పని అనుకోవడం లేదు. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వచ్చే ముప్పు మిగతావాళ్లకంటే ఆరు రెట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్లకు పాతికేళ్ల వయసు నుంచే, మూడు నుంచి ఐదేళ్లకోసారి పరీక్ష చేయమంటోంది. మీ దగ్గరి పీహెచ్‌సీలోనో జిల్లా ఆసుపత్రిలోనో ఈ పరీక్ష ఏ రోజు చేస్తారో కనుక్కుని, నెలకు పదిమందిని ఓఆర్‌డబ్ల్యూ వెంటబెట్టుకుని తీసుకెళ్లండి. చీటీ రాసి పంపితే వెళ్లరు, తోడు వెళితే వెళతారు.

ట్రాన్స్ మహిళలు, కోతిల దగ్గర సమస్య ఇంకో రకం. ఆసుపత్రిలో ఓపీ చీటీ దగ్గరే మొదలవుతుంది, ఆడవాళ్ల లైనా మగవాళ్ల లైనా, పేరు గట్టిగా పిలిస్తే పాత పేరు, అందరూ తలతిప్పి చూడటం. ముందే ఆసుపత్రి నర్సుతో, చీటీ రాసే అబ్బాయితో మాట్లాడి పెట్టుకోండి, పేరుకు బదులు నంబర్ పిలవమనండి. మలద్వారం దగ్గర పుండు ఉన్నా సిగ్గుపడి చెప్పరు, డాక్టరూ అడగరు, కాబట్టి కౌన్సిలర్ గదిలోనే నెమ్మదిగా అడిగి డాక్టర్‌కు చెప్పే ఏర్పాటు ఉండాలి. హార్మోన్లు వేసుకునేవాళ్లలో చాలామంది, ఏఆర్‌టీ మందు మొదలుపెడితే హార్మోన్ పనిచేయదేమో, శరీరం మళ్లీ మగవాడిలా మారుతుందేమో అని భయపడి మందులు పక్కన పెట్టేస్తారు. ఇప్పుడు మొదట ఇచ్చే డోలుటెగ్రావిర్ మందుకూ ఆడ హార్మోన్లకూ చెప్పుకోదగ్గ గొడవ లేదు, ఆ ఒక్క ముక్క మొదటి రోజే చెప్పాలి. నిర్వాణం (పురుషాంగం తీయించుకోవడం) అయ్యాక నలభై రోజులు గడప దాటరు, ఆ నలభై రోజులకు మందులు ముందే తెచ్చి గురు ఇంట్లో పెట్టించండి.

హైదరాబాద్ నారాయణగూడలో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్‌లో డాక్టర్ దగ్గర్నుంచి కౌన్సిలర్ దాకా ట్రాన్స్ మనుషులే పనిచేశారు, హార్మోన్ సలహా, మానసిక ఆరోగ్యం, హెచ్‌ఐవీ, ఎస్టీఐ అన్నీ ఒకే కప్పు కింద దొరికాయి. 2025 మొదట్లో అమెరికా నిధులు ఆగడంతో అది మూతపడినప్పుడు నాకు చాలా బాధేసింది. ఒకే దాత మీద ఆధారపడకుండా, ఆ పద్ధతిలో కొంతైనా మన సొంత క్లినిక్‌లో, ప్రభుత్వ ఆసుపత్రిలో కలిపేసుకోవడం మన చేతిలో ఉన్న పని. ట్రాన్స్ కౌన్సిలర్ ఒక్కరిని తీసుకున్నా తేడా ఆ నెలలోనే కనపడుతుంది.

పాజిటివ్ వచ్చిన రోజు: పార్ట్‌నర్‌కు చెప్పే ముందు ఆగండి

ఇక్కడ తొందరపడితే మనుషుల ప్రాణం మీదికి వస్తుంది, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

ఇండెక్స్ టెస్టింగ్‌కి, అంటే పాజిటివ్ వచ్చినవాళ్ల పార్ట్‌నర్లకు పరీక్ష చేయించడానికి, టార్గెట్లుంటాయి, పై నుంచి ఫోన్లు వస్తాయి, "పార్ట్‌నర్‌ని పిలిపించావా" అని. పరీక్షలో ముందు బయటపడింది ఆడమనిషి కాబట్టి రోగం తెచ్చింది ఆవిడే అని ఇంట్లో తీర్మానిస్తారు, ఆయన ద్వారా వచ్చి ఉండవచ్చని ఎవరూ అనుకోరు. 2017 చట్టంలో తొమ్మిదో సెక్షన్ చదవండి. పార్ట్‌నర్‌కు చెప్పే వీలు డాక్టర్‌కు, కౌన్సిలర్‌కు కొన్ని షరతుల మీద ఉంది, అయితే చెప్పడం వల్ల కొట్టడం, వదిలేయడం లాంటివి జరుగుతాయన్న భయం నిజంగా ఉంటే, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో, చెప్పకూడదని అదే సెక్షన్ అంటోంది. పై నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు మీ చేతిలో ఉన్న రక్షణ ఇదే, ఆ సెక్షన్ ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టుకోండి.

కాబట్టి పార్ట్‌నర్ పేరు అడిగే ముందు, ఒంటరిగా, తలుపు వేసిన గదిలో మూడు మాటలు అడగండి. ఆయన ఎప్పుడైనా మీ మీద చెయ్యి చేసుకున్నాడా? ఈ సంగతి తెలిస్తే ఏం చేస్తాడని మీకనిపిస్తోంది? ఇంట్లోంచి వెళ్లిపోవాల్సి వస్తే ఈ రాత్రికి ఎక్కడ పడుకుంటారు? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ రోజు పార్ట్‌నర్ మాట ఎత్తకండి. ముందు మందులు మొదలుపెట్టించండి, ఇద్దరు ముగ్గురు తోటి ఆడవాళ్లను పరిచయం చేయండి, వారాలు పట్టనివ్వండి. తర్వాత ఆవిడే ఎలా చెప్పాలో, ఎవరి ఎదుట చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకుంటుంది. ఇంటికి పిలుపు కార్డు పంపడం, ఇంటి నంబర్‌కి ఫోన్ చేసి "ఐసీటీసీ నుంచి" (హెచ్‌ఐవీ పరీక్ష కేంద్రం నుంచి) అనడం ఎప్పుడూ చేయొద్దు.

పెళ్లయిన ఎంఎస్‌ఎంల దగ్గర ఇదే ప్రశ్న తిరగబడి వస్తుంది. అక్కడ ఏమీ తెలియని భార్య ఉంది, ఆవిడ ఆరోగ్యం కూడా మన బాధ్యతే, అలాగని అతని రహస్యం బయటపెడితే అతని బతుకు పోతుంది. తను మగవాళ్లతో తిరిగే సంగతి చెప్పకుండానే, "నాకు పరీక్షలో వచ్చింది, నువ్వూ చేయించుకో" అని చెప్పే దారి ఉంటుందని అతనితో కలిసి సాధన చేయించండి. భార్య గర్భవతి అయితే ఇది వాయిదా వేయగలిగే పని కాదు, ఆ వారంలోనే జరగాలి.

దెబ్బలు తిన్న మనిషి వచ్చినప్పుడు

మీ క్రైసిస్ టీం నంబర్ రాత్రి పదకొండింటికి మోగితే ఎవరు ఎత్తుతారో ఈ రోజే చూడండి, పేపర్ మీద ఉన్న పేరు కాదు నాకు కావాల్సింది, నిజంగా ఎత్తేది ఎవరు?

మనిషి వచ్చాక ముందు కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, వినండి. "ఆ టైంలో అక్కడికెందుకు వెళ్లావు" అన్న మాట టీంలో ఎవరి నోటా రాకూడదు. బలవంతం జరిగి ఉంటే గడియారం చూడండి: హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే పెప్ మందులు 72 గంటల్లోపే మొదలవ్వాలి, ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు, 28 రోజులు వాడాలి. ఆడవాళ్లకు గర్భం రాకుండా మాత్ర కూడా ఆ గంటల్లోనే. పెప్ మందులు మీ ఊళ్లో రాత్రిపూట ఎక్కడ దొరుకుతాయో, క్యాజువాలిటీలో ఎవరి దగ్గర తాళం ఉంటుందో ముందే వెళ్లి కనుక్కోండి, ఆ రాత్రి వెతుక్కుంటే గంటలు పోతాయి. అత్యాచారానికి గురైన మహిళకు ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేట్ అయినా ఉచితంగా చికిత్స చేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 397వ సెక్షన్ చెబుతోంది, సెక్స్ వర్కర్‌కు అది వర్తించదని ఎక్కడా లేదు. 2022 సుప్రీంకోర్టు ఆదేశాల్లోనూ లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు మిగతా బాధితులకు ఉన్న సౌకర్యాలన్నీ ఇవ్వాలని ఉంది. మహిళల హెల్ప్‌లైన్ 181, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం, తెలంగాణలో అయితే భరోసా కేంద్రం, వీటి మనుషులతో మామూలు రోజుల్లోనే ఒకసారి టీ తాగి పరిచయం పెట్టుకోండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ట్రాన్స్ మహిళల మీద జరిగిన దాడికి 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం కింద కేసు పెట్టవచ్చు, స్టేషన్‌లో తెలియదంటే ఆ చట్టం కాపీ చూపించండి.

కేసు పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఆ మనిషి ఇష్టం. మన రిపోర్టు కోసం ఎవరినీ స్టేషన్ మెట్లెక్కించకూడదు.

మందులు ఎక్కడ దాస్తారో తెలుసుకోండి

ఏఆర్‌టీ మానేసినవాళ్ల లిస్ట్ వచ్చినప్పుడు "ఎందుకు మానేశావు" అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. "మాత్రలు ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటున్నావమ్మా" అని అడగండి, అసలు కథ అక్కడి నుంచి బయటికొస్తుంది. బియ్యం డబ్బాలో దాచినవాళ్లు, డబ్బా చప్పుడవుతుందని దూది కుక్కినవాళ్లు, లేబుల్ చింపి విటమిన్ సీసాలో పోసుకున్నవాళ్లు. అత్తగారి ముందు వేసుకోలేక ఒంటిగంటకి బాత్రూంలో వేసుకునేవాళ్లకు, రాత్రి తొమ్మిదికే వేసుకో అని కచ్చితంగా చెప్పకుండా, తనకు వీలైన ఒక టైం పెట్టుకోమని చెప్పండి. పనికోసం పుణె, ముంబై వెళ్లేవాళ్లకు మూడు నెలల మందులు ఇప్పించడం, అక్కడి సెంటర్‌కు ట్రాన్స్‌ఫర్ రాయించడం వెళ్లే ముందే జరగాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ ఏఆర్‌టీ వాడేవాళ్లకు పింఛను ఉంది, కానీ దాన్ని ఊళ్లో అందరి ఎదుటా పేరు చదివి ఇస్తారేమో అన్న భయంతో వదులుకుంటారు, ఆ భయం పోగొట్టే ఏర్పాటు స్థానిక ఆఫీసులో అడిగి చేయించండి. ఆధార్ లేని సెక్స్ వర్కర్లకు నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) అధికారి గానీ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారి గానీ ఇచ్చే ధ్రువీకరణతో ఆధార్ ఇవ్వాలని కూడా సుప్రీంకోర్టు చెప్పింది.

మీ ఆఫీసు లోపల కూడా ఇదే ప్రశ్న

పీర్లు అందరూ ఆడవాళ్లు, మేనేజర్ ఒక్కడే మగవాడు, మీటింగ్‌లో మాట్లాడేది ఆయనొక్కడే అయితే, పైన రాసినవి ఏవీ నిలబడవు. ప్రాజెక్టు కమిటీలో కమ్యూనిటీ మనుషులు సగానికి తగ్గకుండా ఉండాలి, క్లినిక్ టైం, పీర్ల ఎంపిక, డ్రాపిన్ సెంటర్ ఎక్కడ పెట్టాలన్నది వాళ్లే తేల్చాలి. రాత్రి ఫీల్డ్‌కి వెళ్లే పీర్‌కు తిరుగు ఆటో డబ్బులు ముందే ఇవ్వండి. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ 2013 చట్టం ప్రకారం తప్పనిసరి, పీర్ చేసే ఫిర్యాదును కూడా "వాళ్ల పనే అది కదా" అనకుండా తీసుకునే కమిటీ కావాలి.

పని జరుగుతోందని తెలిసేది ఎలా

ఎన్ని జెండర్ ట్రైనింగులు పెట్టామన్నది లెక్క కాదు. మూడు నెలలకోసారి ఒక్కో కుప్పలోంచి పదిమందిని, వాళ్లకు నమ్మకమున్న మనిషి చేత అడిగించండి: పోయినసారి ఇంట్లో మనిషితో కండోమ్ వాడారా, వద్దు అనగలిగారా, ఈ మూడు నెలల్లో ఎవరైనా కొట్టారా, కొడితే ఎవరికైనా చెప్పారా? పరీక్షల లెక్కను చంటిపిల్లల తల్లులకు, ఇంట్లోంచి పనిచేసేవాళ్లకు, ట్రాన్స్ మహిళలకు విడివిడిగా తీయండి.

ఒక్క సంగతి ముందే మీ పై అధికారులకు చెప్పి ఉంచండి. ఇవన్నీ మొదలుపెట్టిన ఆరు నెలల్లో మీ రిజిస్టర్‌లో హింస కేసుల అంకె పెరుగుతుంది. మాకు రెండు మూడు ఉండేవి, నెలకు పది దాటాయి, ప్రాజెక్టు పాడైపోయిందని రివ్యూలో అడిగారు కూడా. కొట్టడం కొత్తగా మొదలవ్వలేదు, ఆడవాళ్లు వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో నేను చెప్పిన ఆవిడ కూడా ఆ పదిలో ఒకరు, ఆ నెల మొదటిసారి తనంతట తానే మా తలుపు తట్టి, రాత్రి ఏం జరిగిందో కూర్చుని చెప్పింది.